ఆర్బిట్రేషన్ అవార్డు రద్దయింది, అప్పీలుకు అరవై రోజులు నడుస్తున్నాయి

బెంగళూరు హూడి నుంచి ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

సొంతూరు కదిరి దగ్గర పల్లె. బెంగళూరుకు సూపర్‌వైజరు ఉద్యోగానికి వచ్చి, కొన్నాళ్ళకు భార్య తమ్ముడితో కలిసి రిజిస్టర్డ్ భాగస్వామ్య సంస్థ పెట్టారు. ఆఫీసులకు ఇంటీరియర్ పనులు చేస్తారు. వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీకి రెండు అంతస్తుల పని పూర్తి చేసి, 2022 జూన్‌లో ఫైనల్ బిల్లు ఇచ్చారు. డబ్బు రాలేదు. 2023 డిసెంబర్‌లో ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే గొడవను కోర్టు బయట మధ్యవర్తితో తేల్చుకుందామన్న నోటీసు, పంపారు. ఇద్దరూ ఒప్పుకున్న ఏకైక ఆర్బిట్రేటర్ విచారణ జరిపి 58 లక్షలు, దానిపై వడ్డీ ఇవ్వాలని అవార్డు (మధ్యవర్తి తీర్పు) ఇచ్చారు. అందులో ఫైనల్ బిల్లు 31 లక్షలు, ఎక్స్‌ట్రా పనులకు 19, పని ఆగిపోయిన రోజుల్లో కూలీలు ఖాళీగా ఉన్నందుకు 8. ఆలస్యం చేశారంటూ కంపెనీ అడిగిన 14 లక్షల ఎదురు క్లెయిమును కొట్టేశారు.

అవార్డును రద్దు చేయమని కంపెనీ, వ్యాపార వివాదాలు చూసే కమర్షియల్ కోర్టుకు వెళ్ళింది. సగం డబ్బు, అంటే 29 లక్షలు, డిపాజిట్ చేయమన్న షరతు మీద స్టే తెచ్చుకుంది. చివరికి కోర్టు అవార్డు మొత్తాన్నీ రద్దు చేసింది. రాతపూర్వక ఆర్డరు లేనిదే ఎక్స్‌ట్రా పనికి డబ్బు ఇవ్వకూడదని కాంట్రాక్టులో ఉంటే, సైట్ ఇంజినీరు వాట్సాప్ మెసేజీలు చూసి ఎలా ఇచ్చారని ప్రశ్నించింది. కూలీల నష్టానికి ఆధారం లేదంది. మిగతాదంతా వీటితో ముడిపడి ఉంది కాబట్టి మొత్తం పోవాలంది. ఇది జరిగి ఐదు వారాలు.

ఇప్పుడు ఇంట్లో మాటల్లేవు. అప్పీలు వద్దు, కంపెనీ ఇస్తానంటున్న 18 లక్షలు తీసుకుందామని బావమరిది. లాయరు ఫీజుకు భార్య నగలు ఇప్పటికే బ్యాంకులో ఉన్నాయి. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడంట" అని మామగారు ఫోన్ చేసిన ప్రతిసారీ అంటున్నారు. అప్పీలుకు 120 రోజులు ఉంటుందని ఒక స్నేహితుడు, 60 రోజులేనని లాయరు. "నేను పని చేసిన మాట నిజం. ఫోటోలున్నాయి. హైకోర్టులో జడ్జిగారికి అవి చూపిస్తే న్యాయం జరగదా? నా సంతకం లేకుండా బావమరిది రాజీ పడొచ్చా? ఏం చెయ్యమంటారు?"

అయ్యా, ముందు తారీఖు సంగతి తేల్చుకుందాం. మిగిలినవన్నీ దాని తరువాతే.

మీ స్నేహితుడు చెప్పిన లెక్క ఉత్తిది కాదు, వేరే దశది. అవార్డును రద్దు చేయమని మొదటిసారి కోర్టుకు వెళ్ళేవారికి, అంటే 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కంపెనీ వేసిన దరఖాస్తుకు, అవార్డు చేతికందిన రోజు నుంచి 3 నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ఆపైన ఒక్క రోజు కూడా కుదరదు. మీరున్నది దాని పై మెట్టు. అదే చట్టం సెక్షన్ 37 మీకు అప్పీలు హక్కు ఇస్తుంది. గడువు మాత్రం 2015 కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 13 చెబుతుంది: 60 రోజులు. లాయరుగారు చెప్పిందే సరైనది.

ఆలస్యమైతే క్షమించరా అంటే, క్షమించే అధికారం ఉంది. 2021లో బోర్సే బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు దాని కొలత కూడా చెప్పింది: కొద్దిపాటి ఆలస్యం, గట్టి కారణం, అప్పీలు చేసే పక్షం నిర్లక్ష్యంగా లేదని చూపగలగాలి. అది మినహాయింపు, అలవాటుగా ఇచ్చేది కాదు. "ఇంట్లో మాట కుదరలేదు" అనేది ఆ కొలతకు అందే కారణం కాదు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలుకు) దరఖాస్తు పెట్టారో లేదో మీ ఉత్తరంలో లేదు. పెట్టకపోతే రేపే పెట్టండి. దరఖాస్తు రోజు నుంచి కాపీ సిద్ధమయ్యే దాకా పట్టిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు కానీ, దరఖాస్తే పెట్టనివారికి ఆ వెసులుబాటు లేదు. కోర్టే మెయిల్‌లో పంపుతుందని ఎదురు చూడకండి. మినహాయింపు రోజులు ఉన్నాయి కదా అని చివరిదాకా లాగనూ వద్దు. తీర్పు తారీఖు నుంచి 60 లెక్కపెట్టి, దానికి వారం ముందే ఫైలింగ్ అయిపోవాలని అనుకోండి.

ఇక ఫోటోల సంగతి. మీకు రుచించకపోయినా చెప్పాలి. ఆ ఫోటోలు ఆర్బిట్రేటర్ ముందు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. సెక్షన్ 34లోనే ఆర్బిట్రేటర్ ముందున్న రికార్డు ఆధారంగా వాదించాలని 2019 సవరణ చెప్పింది. సెక్షన్ 37 దానికంటే ఇరుకైనది. మీరు పని చేశారా, ఎంత బాగా చేశారు, వాళ్ళు ఎంత మోసం చేశారు అని హైకోర్టు మళ్ళీ మొదటి నుంచి చూడదు. ఇద్దరు జడ్జీల బెంచి ముందు ఒక్క ప్రశ్నే ఉంటుంది: అవార్డులో వేలు పెట్టడానికి కింది కోర్టుకు చట్టం ఇచ్చిన హద్దులు కొన్ని ఉన్నాయి, ఆ కోర్టు వాటి లోపలే నడిచిందా, దాటిందా? మీ ఎనిమిది పేజీల్లో ఏడు పేజీలు కంపెనీ చేసిన అన్యాయం గురించే. ఆ కోపం న్యాయమైనదే. అప్పీలు మెమోలో మాత్రం దానికి ఒక పేరా చాలు.

ఆ ప్రశ్న పెట్టుకుని తీర్పును మళ్ళీ చదివితే, మీ కేసు ఒక ముద్దలా కాకుండా మూడు ముక్కలుగా కనిపిస్తుంది.

ఎక్స్‌ట్రా పనుల 19 లక్షలు మీ బలహీనమైన ముక్క. ఆర్బిట్రేటర్ కాంట్రాక్టు షరతులను పరిగణనలోకి తీసుకోవాలని సెక్షన్ 28 చెబుతోంది. రాతపూర్వక ఆర్డరు షరతును అవార్డులో ఎక్కడా చర్చించకుండానే డబ్బు ఇచ్చి ఉంటే, పైకి కనిపించే చట్టవిరుద్ధత అనే కారణం కింద కోర్టు దాన్ని కొట్టేయడం హద్దు దాటడం కాదు. ఒకవేళ ఆర్బిట్రేటర్ ఆ షరతును చర్చించి, కంపెనీయే మెసేజీల ద్వారా దాన్ని పక్కన పెట్టిందని కారణం చెప్పి ఉంటే కథ వేరు. అది కాంట్రాక్టుకు ఆర్బిట్రేటర్ చెప్పిన అర్థం అవుతుంది, నాకు ఇంకో అర్థం తోస్తోందని కోర్టు మార్చకూడదు. కాబట్టి అవార్డులో ఆ పేరా ఏముందో లాయరును అడగకండి, మీరే కూర్చుని చదవండి. ఇంగ్లీషు కష్టమైతే మీ అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోందన్నారుగా, పక్కన కూర్చోబెట్టుకోండి.

కూలీల 8 లక్షల మీద నాకు పెద్ద ఆశ లేదు. ఉన్న ఆధారాన్ని తిరిగి తూచారా, అసలు ఆధారమే లేదా అన్నది ఒక్కటే తేడా. హాజరు పట్టీలు ఆర్బిట్రేటర్ ముందు వేసి ఉంటే మొదటిది, లేకపోతే రెండోది.

ఫైనల్ బిల్లు 31 లక్షలే అసలు విషయం. కంపెనీ ప్రాజెక్టు మేనేజరు 2022 సెప్టెంబర్‌లో "బిల్లు సరిచూశాం, చెల్లింపు ప్రాసెస్‌లో ఉంది" అని మెయిల్ రాశారని, అది రికార్డులో ఉందని అయిదో పేజీలో ఒక వాక్యంలో అనేసి వదిలేశారు. మీ చేతిలో ఉన్న మంచి కాగితం అదే! దాని మీద ఆర్బిట్రేటర్ ఇచ్చిన నిర్ణయంలో ఫలానా తప్పు ఉందని కమర్షియల్ కోర్టు కూడా చెప్పలేదు. మిగతావాటితో ముడిపడి ఉందని ఒక్క మాట అని మొత్తం లాగేసింది. 2025 ఏప్రిల్ 30న గాయత్రీ బాలసామి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 4:1 మెజారిటీతో చెప్పిన తీర్పు ఇక్కడ మీకు పనికొస్తుంది. అవార్డులో చెడ్డ భాగాన్ని మంచి భాగం నుంచి వేరు చేయగలిగితే, చెడ్డదాన్ని మాత్రమే తీసేయవచ్చు. రద్దు చేసే అధికారంలోనే కొంత భాగం రద్దు చేసే అధికారం కూడా ఉంది. షరతు ఏమిటంటే ఆ భాగాలు చట్టపరంగా, ఆచరణలో నిజంగా వేరు పడగలగాలి. మీ ఫైనల్ బిల్లుకు వేరే మెజర్‌మెంట్ షీట్లు, వేరే బిల్లు నంబరు, ఆ మెయిలు ఉన్నాయి. ఎక్స్‌ట్రా పనుల లెక్క విడిగా ఉంది. నా ఉద్దేశంలో ఇవి వేరు పడతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అవార్డు మొత్తం, అంటే 58 లక్షలూ నిలబెట్టమని అప్పీలు వేయడం మొదటిది. మీ మనసు అటే ఉందని ఉత్తరం చెబుతోంది. దాని ఇబ్బంది ఏమిటంటే, బెంచి ముందు మీ వాదన ఎక్స్‌ట్రా పనుల దగ్గర మొదలై అక్కడే చిక్కుకుంటుంది. అవతలి లాయరు ఆ వాట్సాప్ మెసేజీలు పట్టుకుని వదలడు. 31 లక్షల మాట వచ్చేసరికి భోజన విరామం అవుతుంది.

అదే అప్పీలును రెండు మెట్లుగా వేయవచ్చు. మొత్తం నిలబెట్టమని అడుగుతూనే, కాదంటే కనీసం ఫైనల్ బిల్లు భాగాన్ని వేరు చేసి నిలబెట్టమని ప్రత్యామ్నాయంగా అడగడం. లేదా మొదటే 31 మీద నిలబడి మిగతా 27 వదిలేయడం. వదిలేస్తే వాదన సూటిగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది, కానీ ఒకసారి వదిలింది మళ్ళీ తిరిగి రాదు. నేనైతే ప్రత్యామ్నాయంగా అడిగి, వాదనలో బరువు 31 మీద పెట్టమంటాను. మీ లాయరు అవార్డు మొత్తం చదివిన మనిషి కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయన మాట నా మాట కంటే ఎక్కువ.

ఏ రకంగా వేసినా, అప్పీలుతో పాటే ఒక మధ్యంతర దరఖాస్తు తప్పకుండా ఉండాలి. దీని గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు, నాకు కంగారు పుట్టింది అక్కడే. కోర్టులో ఉన్న 29 లక్షలు ఎవరివి? అవార్డు రద్దయింది కాబట్టి తిరిగి ఇచ్చేయమని కంపెనీ ఈ పాటికే అడిగి ఉండవచ్చు. ఆ డబ్బు బయటికి వెళ్ళిపోతే, రేపు మీరు అప్పీలు గెలిచినా మళ్ళీ అమలు పిటిషన్ వేసి, కంపెనీ బ్యాంకు ఖాతాలు వెతుక్కుంటూ తిరగాలి. అప్పీలు తేలేదాకా డిపాజిట్ విడుదల చేయొద్దని, వడ్డీ వచ్చేలా ఉంచమని హైకోర్టును అడగాలి. ఇస్తారా అంటే, అది బెంచి ఇష్టం. కానీ అడగనిదే ఎవరూ ఆపరు. ఆ 29, మీ 31కి దాదాపు సరిపోయే డబ్బని గుర్తుపెట్టుకోండి. సర్టిఫైడ్ కాపీతో పాటు, డిపాజిట్ వాపసుకు దరఖాస్తు పడిందా అని కింది కోర్టు కేసు స్టేటస్‌లో చూసుకోండి.

ఫైల్ చేశాక హైకోర్టు ఆఫీసు కాగితాలు సరిచూసి లోపాలు రాస్తుంది. పేజీ నంబర్లు కనపడటం లేదు, వకాలత్‌లో (లాయరుకు ఇచ్చే అధికార పత్రంలో) ఒక సంతకం లేదు లాంటివి. వాటిని సరిచేయకుండా నెలలు గడిపే లాయర్లున్నారు, వారానికోసారి అడుగుతూ ఉండండి. తరువాత అడ్మిషన్ (అప్పీలును విచారణకు తీసుకోవడం), కంపెనీకి నోటీసు, మధ్యంతర దరఖాస్తు మీద వాదన, కింది కోర్టు రికార్డు తెప్పించడం, చివరి వాదనలు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కమర్షియల్ కోర్టుల చట్టం అంటోంది. ప్రయత్నించాలి అంది, తేల్చాలి అనలేదు. ఆరు నెలలని మామగారికి మాట ఇవ్వకండి. ఇక్కడ ఓడితే ఇంకో అప్పీలు లేదు, ప్రత్యేక అనుమతి కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్ళడమొక్కటే. ఈ పరిమాణం కేసుకు ఆ ఖర్చు నేను సలహా ఇవ్వను.

మూడో దారి గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. అవార్డు రద్దయినంత మాత్రాన మీ బాకీ రద్దు కాలేదు. ఆర్బిట్రేషన్ ఒప్పందం అలాగే ఉంది, మళ్ళీ కొత్తగా ఆర్బిట్రేషన్ మొదలుపెట్టవచ్చు. పాత ఆర్బిట్రేషన్ మొదలైన రోజు నుంచి కోర్టు రద్దు చేసిన రోజు దాకా పోయిన కాలాన్ని కాలపరిమితి లెక్కలోంచి తీసేయాలని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 43 చెబుతోంది. మీ లెక్కలో, 2022 జూన్ బిల్లు బాకీ అడగడానికి గడువు మూడేళ్ళు. అందులో నోటీసు ఇచ్చే నాటికి ఏడాదిన్నర వాడేశారు. రద్దు చేసిన రోజు నుంచి మిగిలింది ఇంచుమించు ఏడాదిన్నర. 2022 సెప్టెంబర్ మెయిలు బాకీని ఒప్పుకున్నట్టుగా నిలిస్తే ఇంకో మూడు నెలలు కలిసి రావచ్చు, దాని మీద ఆధారపడకండి.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఆ ఏడాదిన్నర గడియారం రద్దు తీర్పు రోజునే మళ్ళీ కదిలింది. మీరు అప్పీలు వేసి, అది రెండేళ్ళు నడిచి, చివరికి ఓడిపోతే, అప్పుడు కొత్త ఆర్బిట్రేషన్ అంటే గడువు దాటిందని కంపెనీ అడ్డం పడుతుంది. అప్పీలు నడిచిన కాలం కూడా తీసేయాలని మీరు వాదించవచ్చు, కానీ వాదనకు వదిలేయాల్సిన విషయం కాదిది. హక్కులేవీ వదులుకోకుండా, ఆ గడువుకు ముందే కొత్త ఆర్బిట్రేషన్ నోటీసు ఒకటి పంపి ఉంచడం గురించి లాయరుగారిని ఇప్పుడే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

అప్పీలు వదిలి నేరుగా కొత్త ఆర్బిట్రేషన్‌కే వెళ్తే? లాభం ఉంది: ఈసారి ఎక్స్‌ట్రా పనుల ఆధారాలు సరిగ్గా పెట్టుకోవచ్చు, ఫోటోలకు కూడా చోటు ఉంటుంది. నష్టమూ ఉంది: కొట్టేసిన ఆ 14 లక్షల ఎదురు క్లెయిము మళ్ళీ లేస్తుంది, ఆర్బిట్రేటర్ ఫీజు మళ్ళీ మొదటి నుంచి, 29 లక్షల డిపాజిట్ కంపెనీ చేతికి. నాకు ఇది ఆఖరి దారిగానే కనిపిస్తోంది.

ఇక రాజీ. మీ బావమరిదిని ఉత్తరమంతా పిరికివాడిగా రాశారు. 18 లక్షలు తక్కువే. కానీ రాజీ అనే ఆలోచన తప్పు కాదు, అడుగుతున్న వేళ తప్పు. ఇవాళ కంపెనీ చేతిలో రద్దు తీర్పు ఉంది, డిపాజిట్ తిరిగి వస్తుందన్న ధీమా ఉంది. అప్పీలు ఫైలై, డిపాజిట్ మీద హైకోర్టు ఉత్తర్వు ఒకటి పడితే ఆ అంకె మారే అవకాశం ఎక్కువ. అప్పుడు సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో ఉన్న బెంగళూరు మీడియేషన్ సెంటర్‌కు పంపమని బెంచినే అడగవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు రికార్డులోకి వస్తుంది, తరువాత మాట తప్పడం కష్టం.

మీ సంతకం లేకుండా ఆయన రాజీ పడలేరు. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 19 ప్రకారం, సంస్థకు రావాల్సిన క్లెయిమును రాజీ చేయడం, వదులుకోవడం ఒక్క భాగస్వామి సొంత అధికారంతో చేసే పనులు కావు. మీ భాగస్వామ్య ఒప్పంద పత్రంలో (డీడ్‌లో) దీనికి భిన్నంగా ఏమైనా రాసి ఉందేమో చూడండి. అదే సమయంలో, సంస్థ పేరు మీద వేసే పిటిషన్ల మీద ఒక భాగస్వామి సంతకం చేయవచ్చు. కాబట్టి ఆయన వకాలత్ మీద సంతకం పెట్టకపోయినా అప్పీలు ఆగిపోదు. కానీ ఆయనకు చెప్పకుండా వేయకండి. అభ్యంతరం ఉంటే రాతలో ఇవ్వమని మర్యాదగా మెయిల్ పెట్టండి, ఖర్చు ఎవరు భరించాలో అందులోనే తేల్చుకోండి. అప్పీలు ఓడితే ఎదుటివారి ఖర్చులు కూడా మీ మీద పడవచ్చు, అవి సంస్థవే కాబట్టి ఆయనకూ తగులుతాయి. ఆయన భయం అదేనేమో, ఒకసారి అడిగి చూడండి. మీరు ఇంతవరకు అడిగినట్టు లేదు, చెబుతూ వచ్చారంతే.

మీ భార్యను మీకూ ఆమె తమ్ముడికీ మధ్య కబురు మోసే మనిషిగా వాడుకోవడం మానండి. "వాడికి చెప్పు" అని మీరు, "బావకు చెప్పక్కా" అని ఆయన. నగలు ఆమెవి, మనుషులూ ఆమెవాళ్ళే, నిర్ణయం మాత్రం మీ ఇద్దరిది. ముగ్గురూ ఒక ఆదివారం కూర్చోండి. లాయరు ఫీజు ఎంత, ఏ దశలో ఎంత ఇవ్వాలి, ఓడితే ఎంత పోతుంది, 31 మాత్రమే వస్తే చేతికి ఎంత మిగులుతుంది అన్న లెక్క ఒక కాగితం మీద ఆమె ముందే వేయండి. లాయరు చెప్పిన మొత్తం ఎక్కువనిపిస్తే, కాంట్రాక్టు, అవార్డు, తీర్పు మూడూ పట్టుకుని ఇంకో లాయరు దగ్గర ఒక్క సంప్రదింపు ఫీజు కట్టి అభిప్రాయం తీసుకోండి. అది ఈ వారంలోనే జరగాలి. లాయరును మార్చాలనుకుంటే పాతవారి అభ్యంతరం లేదన్న సంతకం అవసరం పడవచ్చు, దానికీ రోజులు పడతాయి.

ఇంకొకటి. బంగారం లోను రెన్యువల్ తారీఖు వచ్చే నెలేనని, అది మర్చిపోయానని చివరి పేజీలో అడ్డంగా రాశారు. హైకోర్టు బ్యాంకు వేలాన్ని ఆపదు. ఏ దారి తీసుకున్నా ముందు ఆ వడ్డీ కట్టి రెన్యువల్ చేయించండి, రసీదు ఆమె చేతికి ఇవ్వండి.